చెమట కంపుకి స్ప్రేనా, రోల్-ఆనా, పటికా? వ్యాయామం చేసేవాళ్లకి ఏది నప్పుతుంది

మా అక్క కూతురు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నట్టుండి షటిల్ మానేస్తానంది. ఎందుకని ఎంత అడిగినా నోరు విప్పలేదు. ఒక ఆదివారం నేను వాళ్లింట్లో ఉండగా అక్క బట్టలు ఇస్త్రీ చేస్తోంది. పిల్ల ఆటకి వేసుకెళ్లే టీషర్టు ఉతికి, ఎండలో ఆరేసి, మడతపెట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే సర్ఫు వాసనే. ఇస్త్రీపెట్టె చంక భాగం మీద ఆనించగానే మాత్రం గుప్పున కంపు లేచింది, కుళ్లిన ఉల్లిపాయలా. కోర్టులో పది నిమిషాలు ఆడేసరికి ఒంటి వేడికి జరిగేదీ అదే. పక్కనున్న పిల్లలు దూరం జరగడం మొదలెట్టారట. అది రోజూ స్నానం చేసే వెళ్తోంది, స్ప్రే ఒళ్లంతా కొట్టుకునే వెళ్తోంది. అయినా ఆట మానేసే దాకా వచ్చింది.

ఇలా మానేసేవాళ్లు చాలామందే ఉంటారు. లావు తగ్గాలని జిమ్ములో చేరి, వాసన వస్తుందేమోనన్న బెరుకుతో వెనక వరసలో నిలబడి, నెల తిరక్కుండానే రావడం ఆపేసిన ఆడవాళ్లని నేనే ముగ్గురిని చూశాను. రెండు మూడు వందల రూపాయల ఖర్చుతో, నాలుగైదు అలవాట్లతో ఎక్కువమందికి తీరిపోయే ఇబ్బంది ఇది. దీనికోసం వ్యాయామాన్నే వదులుకోవడం చూస్తే నాకు మనసొప్పదు. అందుకే బజార్లో దొరికేవీ, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవీ ఒక్కొక్కటే తీసుకుని ఏది ఎంతవరకు పనిచేస్తుందో, ఎవరికి ఏది నప్పుతుందో రాస్తున్నాను.

ముందు కంపు ఎక్కడిదో తేల్చుకోండి

చెమటకి చెమటగా వాసన లేదు. ఒళ్లంతా పరుచుకుని ఉండే చెమట గ్రంథులు 20 లక్షల నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. వాటినుంచి వచ్చేది దాదాపుగా నీళ్లూ ఉప్పూనే. చంకల్లో, గజ్జల్లో ఇంకో రకం గ్రంథులు కూడా ఉంటాయి. అవి యుక్తవయసు వచ్చాకే పని మొదలుపెడతాయి. ఐదో తరగతి పిల్లాడు రోజంతా ఎండలో ఆడొచ్చినా మట్టి వాసనే వస్తుంది. వాడే తొమ్మిదో తరగతికొచ్చేసరికి విప్పిన చొక్కా ఏ మూలనుందో గది గుమ్మంలోనే తెలిసిపోతుంది. ఆ గ్రంథులు వదిలే చిక్కటి ద్రవానికి కూడా స్వతహాగా వాసన ఉండదు. చర్మం మీద ఉండే బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టి గంధకం కలిసిన పదార్థాలుగా మారుస్తుంది. ఉల్లిపాయ కంపు అక్కణ్ణుంచే. స్టఫైలోకాకస్ హోమినిస్ అనే బ్యాక్టీరియాలో ఈ పని చేసే ఎంజైము వివరాలను ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2020లో ప్రకటించారు.

ఎంత చెమట పట్టినా వాసన రానివాళ్లు కొందరుంటారు. అది వాళ్లకి పుట్టుకతో వచ్చిన వరం. ఏబీసీసీ11 అనే జన్యువులో చిన్న తేడా ఉన్నవాళ్ల చంకల్లో బ్యాక్టీరియాకి కావలసిన సరుకే పెద్దగా తయారవదు. కొరియా, చైనా, జపాన్ దేశాల్లో ఎక్కువమంది అలాంటివాళ్లే. వాళ్ల చెవి గులిమి కూడా పొడిపొడిగా ఉంటుంది. కాబట్టి పక్కామెకి రానిది నాకే ఎందుకొస్తోంది, నేను శుభ్రంగా లేనా అని ఎవరూ కుమిలిపోనక్కర్లేదు.

ఏదైనా కొనేముందు ఇంట్లోనే రెండు పరీక్షలు చేసుకోండి. మొదటిది నేను చెప్పిన ఇస్త్రీపెట్టె పరీక్ష: ఉతికి ఆరిన జిమ్ము టీషర్టు చంక భాగం మీద గోరువెచ్చని ఇస్త్రీపెట్టె ఆనించి వెంటనే వాసన చూడండి. రెండోది: స్నానం చేసి, ఏమీ రాసుకోకుండా, ఉతికిన నూలు బనీనో పాత కాటన్ టాపో వేసుకుని 20 నిమిషాలు చెమట పట్టేలా నడవండి. వాసన రాకపోతే తప్పు మీ వ్యాయామం బట్టలది. వస్తే చంకలది. రెండూ తేలడం కూడా మామూలే. అయితే మన వాసనకి మన ముక్కు తొందరగా అలవాటుపడిపోతుంది. ఇంట్లో మొహమాటం లేకుండా చెప్పే మనిషిని పక్కన పెట్టుకుని చూడండి.

చంకలకి ఏది రాయాలి

మన షాపుల్లో ఎక్కువ అమ్ముడయ్యేవి స్ప్రే డబ్బాలు. డబ్బా వెనక్కి తిప్పి చదివితే వాటిలో చాలావరకు ఉండేది ఆల్కహాలు, సువాసన, గ్యాసు. ఆల్కహాలు కాసేపు బ్యాక్టీరియాని తగ్గిస్తుంది, సువాసన మిగతాదాన్ని కప్పుతుంది. చెమటని ఆపే గుణం వాటికి లేదు. ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవాళ్లకి చాలు గానీ, గంటసేపు పరిగెత్తేవాళ్లకి చాలదు. ముఖ్యంగా చెమట పట్టాక దానిమీద కొట్టుకుంటే కంపూ సువాసనా కలిసి ఇంకో కొత్త వాసన తయారవుతుంది. మూసి ఉన్న జిమ్ము హాల్లో కొడితే ఉబ్బసం ఉన్నవాళ్లకి ఊపిరాడదు. దేవుడి దీపం దగ్గరా, గ్యాస్ పొయ్యి దగ్గరా అసలు కొట్టకూడదు, ఆ గ్యాసు అంటుకుంటుంది. వ్యాయామానికి స్ప్రే కొనవద్దనే నేను చెబుతాను.

యాంటీపెర్స్పిరెంట్ అన్న మాట ఉన్నది వేరే సరుకు. ఎక్కువగా రోల్-ఆన్ సీసాల్లో వస్తుంది, రెండొందల రూపాయల అటూఇటూలో దొరుకుతుంది. ఇందులో ఉండేది అల్యూమినియం లవణం. పదార్థాల జాబితాలో అల్యూమినియం క్లోరోహైడ్రేట్ అని కనిపిస్తుంది. అది చెమటలో కరిగి, చెమట నాళం మూతి దగ్గర జిగురులా గడ్డకట్టి తాత్కాలికంగా మూత వేస్తుంది. చంకలో తడి తగ్గుతుంది, బ్యాక్టీరియాకి తిండి తగ్గుతుంది. అమెరికా ప్రమాణం ప్రకారం ఈ పేరుతో అమ్మాలంటే చెమటని సగటున కనీసం 20 శాతం తగ్గించాలి, ఎక్కువ ప్రభావం ఉన్నదని చెప్పుకోవాలంటే 30 శాతం. అంటే చెమట పూర్తిగా ఆగిపోతుందని ఆశపడకూడదు. కానీ ఆ తగ్గినదే చాలామందికి సరిపోతుంది.

దీన్ని ఎప్పుడు రాసుకోవాలన్న దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. పొద్దున్నే స్నానం చేసి, హడావిడిగా రాసుకుని, తడి ఆరకముందే చొక్కా తొడుక్కుని బయల్దేరతారు. అప్పటికే చెమట కారుతుంటే మూత పడేలోపే మందు కొట్టుకుపోతుంది. రాసుకోవాల్సింది రాత్రి పడుకోబోయే ముందు. చంకలు కడుక్కుని, తువ్వాలుతో అద్ది, రెండు నిమిషాలు ఫ్యాను కింద చేతులెత్తి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత పైకీ కిందకీ రెండు గీతలు చాలు. అది కూడా ఆరాకే బట్టలు వేసుకోవాలి. రాత్రిపూట చెమట తక్కువ కాబట్టి మూత కుదురుగా పడుతుంది. పొద్దున స్నానం చేసినా పోదు. వారం రోజులు వరసగా రాస్తే తేడా తెలుస్తుంది, ఆ తర్వాత వారానికి రెండు మూడు రాత్రులు చాలు. షేవింగ్ చేసుకున్న రాత్రి మాత్రం మానేయాలి, మంట పుడుతుంది.

చంకలు మూసేస్తే ఒంట్లో వేడి బయటికి పోదేమో అని మా జిమ్ములో చాలామంది అడుగుతారు. ఒంటి మొత్తం చెమటలో చంకల వాటా చాలా కొంచెం. వీపు, ఛాతీ, నుదురు ఆ పని చూసుకుంటాయి. క్యాన్సరు భయం కూడా బాగా ప్రచారంలో ఉంది. రొమ్ము క్యాన్సరుకీ దీనికీ స్పష్టమైన సంబంధం కనపడలేదని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చెబుతోంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా వాడకూడదు. అమెరికాలో ఆ హెచ్చరిక సీసా మీదే ముద్రించాలి. తెల్ల చొక్కాల చంకల్లో పసుపు మరకలు పడటం దీనితో వచ్చే అసలైన చికాకు. ఆరకుండా చొక్కా వేసుకోకపోతే అది కూడా చాలావరకు తగ్గుతుంది.

ఇక పటిక. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే తెల్లటి గడ్డ. 20, 30 రూపాయల ముక్క నెలల తరబడి వస్తుంది. స్నానం చేశాక గడ్డని తడిపి, చంకలో మెల్లగా రెండు మూడుసార్లు తిప్పి ఆరనిస్తే చర్మం మీద బ్యాక్టీరియాని బాగానే అణుస్తుంది. చెమట నాళాలకి మూత వేసే పనిలో మాత్రం రోల్-ఆన్ అంత బలంగా ఉండదు. ఎక్కువ చెమట పడితే కొట్టుకుపోతుంది కాబట్టి ప్రతిరోజూ రాయాలి. అరగంట, ముప్పావుగంట నడిచేవాళ్లకి పటిక నిజంగా మంచి మందు, నాన్న జీవితమంతా దానితోనే గడిపారు. పటికనే సానబట్టి, ప్లాస్టిక్ పిడి తొడిగి, అల్యూమినియం లేని సహజ డియోడరెంట్ అని ఐదారొందలకి అమ్మేవాళ్ల మాట నమ్మకండి. పటిక అంటేనే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్.

ఏహెచ్ఏ, బీహెచ్ఏ అని రాసి ఉన్న రోల్-ఆన్‌లు ఈమధ్య ఆన్‌లైన్లో బాగా కనిపిస్తున్నాయి. గ్లైకాలిక్, లాక్టిక్, మాండెలిక్ లాంటి ఆమ్లాలు చర్మాన్ని ఇంకాస్త ఆమ్లగుణంలో ఉంచి బ్యాక్టీరియాని పెరగనివ్వవు. చెమట తగ్గదు, వాసన తగ్గుతుంది. అల్యూమినియం పడనివాళ్లకి ఇది మంచి ప్రత్యామ్నాయం. సున్నితమైన చర్మానికి మంట రావచ్చు, కాబట్టి మొదటి వారం రోజు విడిచి రోజు రాసి చూడండి.

వీటన్నిటికీ లొంగని మొండి కంపుకి నేను ఎక్కువగా నమ్మేది మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్. మందుల షాపులో నాలుగు, ఐదు శాతం బలంలో దొరుకుతుంది. స్నానంలో చంకలకి రాసి, ఒకట్రెండు నిమిషాలు ఉంచి, బాగా కడిగేయాలి. మొదట వారానికి మూడుసార్లు చాలు. ఇది బ్యాక్టీరియాని నేరుగా చంపుతుంది. రంగు తువ్వాలుకి తగిలితే అక్కడ రంగు పోతుంది కాబట్టి తెల్ల తువ్వాలే వాడాలి. గర్భిణులూ, చర్మం పొట్టు లేచినవాళ్లూ డాక్టర్ని అడిగాకే.

వంట సోడా, నిమ్మకాయ గురించి గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఇంటింటా ఇదే సలహా. మన చర్మం కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది. సోడా క్షారం. రోజూ రుద్దితే ఆ పైపొర దెబ్బతిని ఎర్రగా కందుతుంది, తర్వాత నల్లబడుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి మచ్చలు పడే ప్రమాదం ఉంది, స్లీవ్‌లెస్ వేసుకుని బీచ్‌లో పరిగెత్తేవాళ్లకి మరీ. చంకలు నల్లబడ్డాయని నిమ్మచెక్కతో రుద్ది రుద్ది ఇంకా నల్లగా చేసుకున్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. పౌడరు కూడా వ్యాయామానికి ముందు పనికిరాదు, పావుగంటలో ముద్దకట్టి తొడల మధ్య గరుకుగా ఒరుసుకుంటుంది.

చంకల్లో వెంట్రుకలు తీసేస్తే తేడా ఉంటుంది. వెంట్రుకలకి చెమటా నూనే పట్టుకుని ఉంటాయి, సబ్బు చర్మం దాకా సరిగ్గా చేరదు. నున్నగా గీయక్కర్లేదు, కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో పొట్టిగా చేసుకున్నా చాలు. మగవాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బట్టలు: నూలా, పాలిస్టరా

మా అక్క కూతురి విషయంలో సగం తప్పు ఇక్కడే తేలింది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన అధ్యయనంలో 26 మంది చేత సైకిల్ వ్యాయామం గట్టిగా చేయించి, వాళ్ల టీషర్టులని మర్నాటిదాకా ఉంచి వాసన చూపించారు. నూలు టీషర్టులకన్నా పాలిస్టరువి బాగా ఎక్కువ కంపు కొట్టాయి. మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా పాలిస్టరు మీద ఏపుగా పెరిగింది. దీనికి కారణం దారం స్వభావంలోనే ఉంది. పాలిస్టరు నీటిని పీల్చదు గానీ ఒంటి జిడ్డుని ఇష్టంగా పట్టుకుంటుంది. ఆ జిడ్డు మామూలు చన్నీళ్ల ఉతుకుడికి పోదు. ఒంటి వేడి తగలగానే పాత వాసన మళ్లీ లేస్తుంది.

అలాగని అందరూ నూలే వేసుకోవాలని చెప్పను. ఇక్కడ ఊరిని బట్టి కూడా మారుతుంది. హైదరాబాద్ వేసవిలో చెమట పట్టినట్టే తెలియదు, ఒంటి మీదే ఆరిపోయి చొక్కా మీద ఉప్పు గీతలు మిగులుతాయి. వైజాగ్, కాకినాడ ఉక్కపోతలో చెమట ఆరదు, కారుతుంది. అక్కడ నూలు టీషర్టు గంటసేపటికి తడి తువ్వాలులా బరువెక్కి, ఛాతీ దగ్గరా చంకల దగ్గరా ఒరుసుకుని పుళ్లు పడతాయి. అందుకే నా లెక్క ఇది: గంటలోపు నడకకీ, యోగాకీ, ఇంట్లో చేసుకునే వ్యాయామానికీ పల్చటి నూలు. ఎక్కువ దూరం పరుగుకీ, షటిల్‌కీ, జిమ్ములో గట్టిగా చేసేవాళ్లకీ వదులుగా ఉన్న పాలిస్టరు, కానీ విప్పిన వెంటనే ఉతికే షరతు మీద. మారథాన్‌కి పేరిస్తే చేతికొచ్చే టీషర్టు సాధారణంగా పాలిస్టరే. నూలూ పాలిస్టరూ కలిసిన బట్ట మధ్యస్తంగా ఉంటుంది. వెదురు బట్ట అని ఎక్కువ ధరకి అమ్మేది మామూలుగా విస్కోస్ దారమే, అంటే గుజ్జుని రసాయనాలతో కరిగించి తీసిన దారం. మెత్తగా ఉంటుంది, బాగుంటుంది, కానీ వెదురులో ఉన్న గుణాలేవో దారంలోకి వచ్చి బ్యాక్టీరియాని చంపుతాయన్న మాటకి విలువివ్వకండి. వెండి పూత అని రాసినవి మొదట్లో పనిచేసినా ఉతికేకొద్దీ ఆ పూత తరుగుతుంది.

చీరలోనో చుడీదార్‌లోనో నడకకెళ్లే ఆడవాళ్లకి ఒక మాట. చీర నూలుదే, జాకెట్టు గుడ్డ కూడా నూలుదే, అయినా వాసన ఎందుకొస్తోందని ఒకావిడ అడిగితే జాకెట్టు తిరగేసి చూపించాను. లోపల లైనింగు పాలిస్టరు. చంకకి తగిలేది అదే. టైలరుకి ఇచ్చేటప్పుడే కాటన్ లైనింగ్ వేయమని చెప్పండి, లేదా నడకకి లైనింగు లేని జాకెట్టు విడిగా పెట్టుకోండి. నడిచొచ్చిన జాకెట్టుతోనే వంటా వార్పూ పూర్తిచేసి పన్నెండింటికి స్నానం చేసే అలవాటు కూడా మానాలి. మంగళగిరి నేత గుడ్డతో కుట్టించిన లైనింగ్ లేని టాపు నడకకి ఎంతో హాయిగా ఉంటుంది. బిగుతు లెగ్గింగ్స్, స్పోర్ట్స్ బ్రా వేసుకునేవాళ్లు కనీసం రెండేసి జతలు ఉంచుకోవాలి. ఒకసారి తడిసినది ఉతక్కుండా రెండోసారి వేసుకోకూడదు.

ఉతకడం దగ్గర అసలు శత్రువు ఆలస్యం. తడి టీషర్టుని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బ్యాగులో కుక్కి, ఎండలో నిలబెట్టిన కారులో సాయంత్రం దాకా ఉంచితే బ్యాక్టీరియాకి అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఇంటికి రాగానే మీరు స్నానం చేసేటప్పుడే దాన్ని కూడా నీళ్లలో జాడించి పిండి దండెం మీద వేయండి. ఆ ఒక్క పనితో సగం కంపు ఆగుతుంది. సబ్బుతో ఉతుకుడు సాయంత్రానికి పెట్టుకున్నా ఫర్వాలేదు. ఉతికేటప్పుడు లోపలి వైపు బయటికి తిప్పండి, జిడ్డు ఉండేది లోపలే. గోరువెచ్చని నీళ్లు వాడండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వ్యాయామం బట్టలకి వద్దు. అది దారం మీద పొరలా పేరుకుంటుంది, ఆ పొర కింద పాత జిడ్డు భద్రంగా ఉండిపోతుంది.

ఇప్పటికే వాసన పట్టేసిన టీషర్టుకి: సగం బకెట్టు గోరువెచ్చని నీళ్లలో ఒక గ్లాసు తెల్ల వెనిగర్ పోసి అరగంట నానబెట్టి, తర్వాత మామూలుగా ఉతకండి. దానికి లొంగకపోతే మరోరోజు రంగు పోనివ్వని ఆక్సిజన్ బ్లీచ్ పొడి వేసిన నీళ్లలో ఒకట్రెండు గంటలు నానబెట్టండి. వెనిగర్నీ, మామూలు బ్లీచింగ్‌నీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. ఇంత చేసినా ఇస్త్రీపెట్టె పరీక్షలో కంపు లేస్తే ఆ చొక్కాని గుమ్మం తుడుచుకునే గుడ్డ చేసేయండి. మా పిల్లవి మూడు టీషర్టులు అలాగే పోయాయి.

వానాకాలంలో వచ్చే ముక్కిన వాసన వేరు. బట్ట ఆరడం ఆలస్యమైతే మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియా దాన్ని పుట్టిస్తుంది. బట్టలు ఒకదానిమీద ఒకటి వేయకుండా ఎడంగా, ఫ్యాను తగిలేలా ఆరేయడమే దీనికి మందు.

స్నానం ముందా, తర్వాతా

పొద్దున ఐదింటికి లేచి మొహం కడుక్కుని నేరుగా నడకకో జిమ్ముకో వెళ్లిపోతాం. నిన్నటి చెమట, రాత్రంతా పెరిగిన బ్యాక్టీరియా అలాగే ఉంటాయి. దానిమీద కొత్త చెమట చేరితే పది నిమిషాల్లో వాసన. తల స్నానమంత హంగామా అక్కర్లేదు. చంకలకీ గజ్జలకీ సబ్బు పెట్టి కడుక్కుని తుడుచుకోవడానికి రెండు నిమిషాలు చాలు. గుంపులో వ్యాయామం చేసేవాళ్లకి ఈ రెండు నిమిషాలు స్ప్రే డబ్బా కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

తర్వాతి స్నానం విషయంలో మన పెద్దవాళ్లు చెమట ఆరాక పోసుకో అనేవారు, అది సరైన మాట. వ్యాయామం ఆపగానే చెమట ఆగదు. వెంటనే వేడినీళ్లు పోసుకుంటే తుడుచుకున్న ఐదు నిమిషాలకే మళ్లీ చొక్కా తడుస్తుంది. పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిచి, ఫ్యాను కింద కూర్చుని, చన్నీళ్లు లేదా గోరువెచ్చని నీళ్లు పోసుకోండి. సబ్బు ఏదైనా ఫర్వాలేదు, చంకల్లో చేత్తో బాగా రుద్ది కడగడం ముఖ్యం. సున్నిపిండి చర్మానికి మంచిదే కానీ బ్యాక్టీరియాని తగ్గించడానికి దాన్నే నమ్ముకోలేం.

జిమ్ము నుంచి నేరుగా ఆఫీసుకో కాలేజీకో వెళ్లాల్సినవాళ్లు తడి వైప్స్ కంటే ఒక చిన్న నూలు తువ్వాలు పెట్టుకోండి. అక్కడి కుళాయి దగ్గర తడిపి, పిండి, చంకలు, మెడ, రొమ్ము కింద, తొడల మధ్య తుడుచుకుని, పొడి గుడ్డతో అద్ది, లోదుస్తులతో సహా మార్చేసుకోవాలి. పై చొక్కా ఒక్కటే మార్చి తడి బనీను అలాగే ఉంచుకుంటే చేసిన పనంతా వృథా.

పాదాలు, తిండి

బూట్ల కంపుకి రెండు జతల బూట్లు మార్చి మార్చి వేసుకోవడాన్ని మించింది లేదు. ఒక్కో జతకీ ఒక రోజంతా ఆరే సమయం దొరుకుతుంది. రెండో జత కొనలేకపోతే విప్పగానే ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి గాలికి పెట్టండి. సాక్సు రోజుకో జత. చంకలకి రాసే యాంటీపెర్స్పిరెంటే రాత్రి అరికాళ్లకి రాసినా పనిచేస్తుంది. అరికాలి మీద సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు కనిపిస్తే అది బ్యాక్టీరియా చేసిన పని, డాక్టరు ఇచ్చే పూతమందుతో తగ్గుతుంది.

తిండిలో వెల్లుల్లి, మెంతులు ఒంటి వాసనని మార్చే మాట నిజమే. మెంతి నీళ్లు రోజూ తాగేవాళ్ల చెమటలో తియ్యటి పాకం లాంటి వాసన వస్తుంది. అది హాని చేయదు. అన్నం, రొట్టె బాగా తగ్గించి గట్టి వ్యాయామం చేసేవాళ్లకి చెమటలో అమ్మోనియా ఘాటు రావచ్చు, వ్యాయామానికి ముందు ఒక అరటిపండు తిని చూడండి.

ఎవరికి ఏది

రోజూ నడిచే పెద్దవాళ్లకి పటిక, నూలు బట్టలు, ఇంటికి రాగానే స్నానం చాలు. కొత్తగా ఏదీ కొననక్కర్లేదు.

జిమ్ము చేసి ఆఫీసుకి పోయేవాళ్లు రాత్రి యాంటీపెర్స్పిరెంట్ రోల్-ఆన్, పొద్దున్నే రెండు నిమిషాల కడుగుడు, బ్యాగులో తువ్వాలూ మార్చుకునే బట్టలూ పెట్టుకోవాలి. ఉన్న డబ్బులో ఒక్కటే కొనగలిగితే రోల్-ఆన్ కొనండి, స్ప్రే వద్దు.

రోల్-ఆన్ మంట పుట్టించేవాళ్లు ఆమ్లాల రోల్-ఆన్‌కి మారండి. అది కూడా పడకపోతే ఏదీ రాయకుండా వెంట్రుకలు పొట్టిగా ఉంచి, కడుగుడు మీదా బట్టల మీదా శ్రద్ధ పెట్టండి. దానితోనే చాలా తేడా ఉంటుంది.

రాత్రి రోల్-ఆన్, ఉతికిన బట్టలు, అన్నీ సరిగ్గా చేసినా నెల తర్వాత కూడా కంపు ఉంటే బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ మూడు వారాలు వాడి చూడండి. చేతులు, చంకలు ఏ పనీ చేయకుండానే కారిపోయేంత చెమట పట్టేవాళ్లకి బజారు రోల్-ఆన్ సరిపోదు. అది అతిచెమట అనే జబ్బు, 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం లాంటివి చర్మవైద్యులు రాసిస్తారు.

ఎదిగే పిల్లలకి ఈ విషయం ఇంట్లోవాళ్లే ముందుగా చెప్పాలి, తోటిపిల్లలు చెప్పేదాకా ఆగకూడదు. నలుగురి ముందు కంపు కొడుతున్నావు అనకుండా, విడిగా కూర్చోబెట్టి, ఈ వయసులో ఒంట్లో కొత్త గ్రంథులు పనిచేయడం మొదలెడతాయి, పళ్లు తోముకున్నట్టే దీనికీ ఒక అలవాటు కావాలి అని చెప్పండి.

ఇవి మాత్రం డాక్టరు దగ్గరికే: గజ్జల్లో, రొమ్ముల కింద గుండ్రటి అంచుతో ఎర్రటి దురద మచ్చలు వస్తే అది తామర. మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన పూతమందు అడిగి తెచ్చుకుని రాస్తే మొదట తగ్గినట్టు ఉండి మొండికేస్తుంది. చంకల్లో మళ్లీ మళ్లీ గడ్డలు లేచి చీము పట్టినా, చంకలూ మెడా నల్లగా మారి చర్మం మఖ్మల్ గుడ్డలా దళసరిగా తగులుతున్నా చూపించుకోవాలి. చర్మం ఇలా నల్లగా దళసరిగా మారినవాళ్లు రక్తంలో షుగరు పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది. వ్యాయామం లేకుండా రాత్రుళ్లు పక్క తడిసేలా చెమట పడుతూ బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకండి. షుగరు ఉన్నవాళ్ల ఊపిరిలో మగ్గిన పండు వాసన వస్తూ వాంతులూ నీరసమూ ఉంటే అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మా అక్క కూతురికి రాత్రి రోల్-ఆన్, రెండు కొత్త టీషర్టులు, ఆటకి వెళ్లేముందు కడుగుడు మొదలుపెట్టి మూడో వారం నడుస్తుండగా దానంతటదే వచ్చి ఇస్త్రీపెట్టె అడిగింది. టీషర్టు చంక మీద ఆనించి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఇంకోసారి ఆనించి మళ్లీ చూసి, మడతపెట్టి షటిల్ బ్యాగులో పెట్టుకుంది. ఇప్పుడు వాళ్ల బాత్‌రూమ్ తలుపు పక్కన సగం బకెట్టు నీళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, ఆట నుంచి రాగానే టీషర్టు ముందు అందులో పడుతుంది.